కొరివి పట్టిన చెయ్యి, తాలీం మట్టి

పోయిన వారం భిక్షపతిని ఛత్రినాక మలుపు కాడ సైకిలు పట్టుకోని నిలబడ్డోన్ని నిలబడ్డట్టే ఇడిశిపెట్టి వచ్చినం. పాల పెంటయ్య ఎదురొచ్చి, "మీ అన్న అంజన్ తెల్లారగట్ల పానం ఇడిశిండు" అని చెప్పిండు. ఇంకెవడన్న అయితె ఆడికాడనే సైకిలు అన్న ఇల్లున్న జియాగూడ దిక్కు తిప్పుతుండె. మనోడు కుస్తీ తాలీం దిక్కు తిప్పిండు. లంగోట కట్టిండు, మట్టి తవ్విండు, దండాలు తీసిండు, ఉస్తాద్ కాళ్లకు మొక్కిండు. అన్నీ అయినంక పోయి అన్నకు కొరివి పెట్టిండు. ఉస్తాద్‌కు మాత్రం ఒక్క ముక్క చెప్పలే. "నేను చెప్త తియ్యి పెంటన్నా, నువ్వు నోరు తెరువకు" అని పెంటయ్య నోరు మూసి, తన నోరూ మూసుకున్నడు.

ఈ కథను ఇయ్యాలనే పట్టుకున్నోళ్లకు రెండు మాటలు చెప్పాలె. భిక్షపతి ఉస్మాన్‌గంజ్‌ల మిరపకాయ బస్తాలు మోసే హమాలి. అన్న అంజన్ పేరుమోసిన పహిల్వాన్, ఛత్రినాక తాలీంల వైకుంఠం ఉస్తాద్ చేతుల పెరిగినోడు. తండ్రి ఇడిశిపోయిన బర్రెల కొట్టం కాడ అన్నదమ్ములకు చెడ్డది. పోయిన బోనాలనాడు మాటా మాటా ముదిరి, అంజన్ తమ్మున్ని నడుము పట్టి లేపి, ఆని అత్తగారి చుట్టాలందరు చూస్తుండంగ కుడితి గాబుల కూసోబెట్టిండు. కొట్టినా బాగుండు. కొడితె మనుషులు అయ్యో పాపం అంటరు, గాబుల కూసోబెడితె పండ్లికిలిస్తరు. ఆ నవ్వులు భిక్షపతి చెవులల్ల నుంచి పోలే. అంజన్ బర్రెలను తోలుకోని జియాగూడకు మకాం మార్చిండు. ఈయన దసరా ఎల్లంగనే పోయి, అన్న కుస్తీ నేర్చిన తాలీంలనే, అన్ననే పడగొట్టెటందుకు, అదే ఉస్తాద్ కాళ్ల మీద పడ్డడు. ముల్కి లొల్లి సల్లబడ్డ ఏడాది అది. భిక్షపతికి అప్పటికే ముప్పై దాటి మస్తు దినాలయింది.

ఆ ఈడుల తాలీం మొదలువెట్టుడంటే తమాషా గాదు. మొదటినాడు ఉషారు మీద, కూసోని లేచే బైఠకులు ఎడాపెడా తీసిండు, తెల్లారి మంచం దిగలేకపోయిండు. తొడలు కొయ్యబారినయి. గోడ పట్టుకోని దొడ్డికి పోయిండు, గంజ్‌ల బస్తా ఎత్తబోయి బస్తాతోని కలిసి కూలబడ్డడు. భార్య రాజమణి నువ్వుల నూనె కాచి పిక్కలకు రాసుకుంట, "మీ అన్న ఒక్కసారే పడేసిండు, నువ్వు దినాం పడుతున్నవు" అని ఎత్తిపొడిచింది. కుంటుకుంట మళ్ల తాలీంకు పోతె ఉస్తాద్ ఎదురుంగ కూసోబెట్టుకోని, "ఎక్కువ చేసినోడు రేపు పండుకుంటడు, కొంచెం చేసినోడు రేపు వస్తడు. నాకు వచ్చేటోడు కావాలె" అన్నడు. ఆనాటి నుంచి బైఠకులు బంద్, దండాలు బంద్. చేతికి పార ఇచ్చి మట్టి తవ్వుమన్నడు. తవ్వుడు, గడ్డలు చిదుముడు, మజ్జిగ, పసుపు, నూనె కలిపి తడుపుడు, అంతే పని. అది ఒంటికి పట్టినంక గిన్ని దండాలు, అవి పట్టినంక ఇంకిన్ని. కల్లు మానిపిచ్చిండు, సినిమాలు మానిపిచ్చిండు, కోడి కూయకముందే లేచుడు అలవాటు చేయిచ్చిండు. అన్నిటి మీద ఒక్క షరతు పెట్టిండు. "మండలం దినాలు నాగా లేకుంట రా. నిండినంక నీ మెడల దారం కట్టి నా శాగిర్దు, నా శిష్యుడు అంట, పట్లు నేర్పుత. నడుమ ఒక్క నాగా పడ్డదా, ఇగ ఈ గడప తొక్కకు."

భిక్షపతి జరమొచ్చినా పోయిండు, కాలు మీద బస్తా పడి ఏలు చితికినా పోయిండు. పుట్టి బుద్ధెరిగినంక మొదలువెట్టిన ఏ పనినీ తుదముట్ట చేయనోడు, బర్రె పాలు పిండుడు సుత సగంల ఇడిశిపెట్టి పోయేటోడు, ఈ ఒక్క పనిల నిలబడ్డడు. పొద్దుగాల తవ్వి, తానం చేసి గంజ్‌కు నడుస్తుంటె నేను గూడ ఒక మనిషినే అనిపిచ్చేది ఆయనకు. అసువంటి మండలం ఇంకో తొమ్మిది దినాలల్ల నిండుతదనంగ అంజన్ సచ్చిండు. తోడబుట్టినోడు సచ్చిన మైల మనిషి, హనుమంతుని గూడు ఉన్న తాలీం లోపటికి రావద్దు. పదకొండోనాడు శుద్ధి అయ్యెదాక నాగానే. కొరివి పెట్టినోడైతె సచ్చినింటి దీపం కాడ నుంచి కదలనే వద్దు. గా భయంతోనే దాచిండు. ఇంకొక సంగతి సుత ఉన్నది, గని దాన్ని భిక్షపతి తన మనసులనే పైకి రానిస్తలేడు, నేనెందుకు తొందరవడాలె.

ఇగ ఇయ్యాల మూడోనాడు. బూడిదల నుంచి బొక్కలు ఏరి, పిట్టకు బువ్వ పెట్టే దినం. జియాగూడల అన్న ఇంట్ల దీపం పక్కకు నేల మీద పండుకున్న భిక్షపతి చీకటి ఉండంగనే లేచిండు. వదిన నీలమ్మ గోడకు ఒరిగి కండ్లు తెరుచుకోనే కూసున్నది. "బయిటికి పోయొస్త వదినా" అన్నడు. సైకిలు ఎక్కిండు. పురానాపూల్ మీద మంచు కమ్ముకోని ముంగట ఏమీ కానొస్తలేదు. అన్నను కాలవెట్టిన ఒడ్డు దిక్కు తల తిప్పకుంట తొక్కిండు.

తాలీంల ఉస్తాద్ ఒక్కడే ఉన్నడు. మిగిలినోళ్లు పొద్దు పొడిచినంకనే వస్తరు, జియాగూడ సావు సుద్ది వాళ్లకు ఇంకా చేరలే. కొత్తోడు అందరికన్న ముంగట వచ్చి మట్టి తవ్వాలె, అది రివాజు. వైకుంఠం ఉస్తాద్‌కు డెబ్బై ఉంటయి. కండ్లల్ల పువ్వు పడి మనుషులు నీడల తీరుగ కానొస్తరు, మోకాళ్లు మడత పడవు. తాలీం గడప దాటి బజారుకు పోక ఏండ్లయింది. గొంగడి కప్పుకోని మూలకు కూసోని చెవులతోనే తాలీం నడిపిస్తడు.

"పార సక్కగ దిగుతలేదేందిరా" అన్నడు. "నిద్ర పోలేదా?"

"పోయిన ఉస్తాద్."

"అబద్ధం. నిద్ర పోయినోని పార గిట్ల పక్కకు జారది. ఏం ఫికర్ వడ్డది నీకు?" తనలో తాను నవ్వుకున్నట్టు నవ్విండు. "ఫికర్ చెయ్యకు. ఇంకొక్క వారం. నిండనియ్యి. ఆనాడు నీకొక సంగతి చూపెడత."

భిక్షపతి ఆ నవ్వు చూసిండు. తనకోసం ఉస్తాద్ నవ్వుడు ఇదే మొదలు. ఇప్పుడు చెప్తె, ఇప్పుడన్న చెప్తె, అని నోటిదాక వచ్చింది. అయినా పార మళ్ల మట్టిల దించిండు.

గప్పుడే గడప కాడ పెంటయ్య పాల చెంబు దించిన సప్పుడయింది. పెంటయ్య అంజన్ బర్రెల పాలు తెచ్చి ఛత్రినాకల పోసేటోడు. రెండు దినాలు సావు పనుల మీద తిరిగి, పాలు పెండ్లాంతోని పంపిండు, ఇయ్యాలనే తాను వచ్చిండు. తువ్వాల నెత్తి మీద నుంచి తీసి చేతుల పట్టుకున్నడు. భిక్షపతిని లంగోట మీద, మోకాళ్ల దాక మట్టిల చూసిండు. చూసి ఉస్తాద్ దిక్కు మళ్లిండు.

"ఎట్ల ఉన్నది ఉస్తాద్ పానం? జరం తగ్గిందా?"

"నాకేం జరం? నేను బాగనే ఉన్న."

"గట్లనా." అన్నడు పెంటయ్య. "మరి మట్టి ఎందుకు పంపలేదు? మీరు పంపుతరని పొద్దు గూకెదాక శవాన్ని లేపలే మేము. కాటికాపరి లొల్లి చేసినా ఆపినం. తాలీం మట్టి ఛాతీ మీద పడకుంట పహిల్వాన్‌ను కాలవెట్టుడు నేను ఏడ చూడలే. ఈనె ఏమో మీకు జరమొచ్చింది, లేస్తలేరన్నడు. కడకు ఒట్టిగనే కాలవెట్టినం."

తాలీంల కుస్తీ వట్టినోడు ఎవడు సచ్చినా, ఉస్తాద్ తన చేతితోని పిడికెడు మట్టి తీసి, బట్టల మూట కట్టి పంపుతడు. కట్టెల మీద పండవెట్టినంక అది ఛాతీ మీద పోస్తరు. ఈడ నేర్చుకున్నది ఈ మట్టికే అప్పజెప్పి పోతున్నడని దాని అర్థం. వైకుంఠం ఉస్తాద్ తన ఉస్తాద్‌కు పోసిండు, తన తోటోళ్లకు పోసిండు.

"ఎవరి శవం పెంటయ్యా?" అన్నడు ఉస్తాద్. మెల్లగనే అడిగిండు.

పెంటయ్య భిక్షపతి దిక్కు చూసిండు. "నువ్వు చెప్పలేదా?" అన్నడు. "చెప్తనంటివి కదా."

భిక్షపతి పార పట్టుకోనే నిలబడ్డడు. కడకు పేరు ఆయన నోటి నుంచే రావాల్సి వచ్చింది.

"అన్న పోయిండు ఉస్తాద్. మొన్న తెల్లారగట్ల."

ఉస్తాద్ గొంగడి తీసి పక్కకు పెట్టిండు. గోడ పట్టుకోని లేవబోయి, మోకాళ్లు సాగక మళ్ల కూసున్నడు. పెంటయ్య పట్టుకోబోతె చెయ్యి అడ్డం పెట్టిండు.

"మొన్న నువ్వు వచ్చినవు కదా. తవ్వినవు. దండాలు తీసినవు."

"తీసిన."

"నిన్న?"

"వచ్చిన."

"కొరివి ఎవరు పెట్టిండ్రు?"

"నేనే."

"ఆ చేతులతోనే వచ్చి నా మట్టి పిసికినవు. ఆ చేతులతోనే నా కాళ్లు వట్టినవు." కోపంతోని అంటె భిక్షపతి తట్టుకుంటుండె. ముసలాయన అచ్చం లెక్క అడిగినట్టు అడుగుతుండు. "ఎందుకురా? నాగా పడితె వెళ్లగొడతననా?"

"మొదాలు గదే అనుకున్న." దాచిపెట్టి దాచిపెట్టి భిక్షపతికీ యాష్టకొచ్చింది. "గని గది ఒక్కటే గాదు ఉస్తాద్. చెప్తె మీరు ఆనికోసం ఏడుస్తరు. చిన్నప్పటి నుంచి ఏడికి పోయినా అంజన్ తమ్మునివా అనుడే గని, నీ పేరేందిరా అన్నోడు లేడు. ఈ తాలీంల మీరొక్కరు నన్ను పేరు పెట్టి పిలిచిండ్రు. ఆడు సచ్చి సుత మిమ్మల్ని గుంజుకపోతడని దాచిన. ఆన్ని పడగొట్టాలెనని వచ్చిన, ఆడే లేడు. ఇగ ఈ తవ్వుడు సుత లేకపోతె నాకేమున్నది? రేపొద్దున లేచి నేనేం చెయ్యాలె?"

"నీ అన్నను నువ్వు పడగొట్టాలెనని వచ్చినవని నాకు ఎరికనే" అన్నడు ఉస్తాద్. "నువ్వు రాకముందే ఎరిక. ఆడే వచ్చి చెప్పిండు."

భిక్షపతికి అర్థం కాలే.

"వినాయకుని పండుగ ఎల్లినంక వచ్చిండు అంజన్. గిక్కడనే, నా పక్కకు కూసున్నడు. కడుపుల గడ్డ లేసిందని, కోసినా లాభం లేదని సర్కారు దవాఖానల చెప్పిండ్రంట. పెండ్లానికి తప్ప ఎవరికీ చెప్పలే. 'ఉస్తాద్, నా తమ్ముడు ఎప్పటికన్న నీ తానకు వస్తడు. నన్ను పడగొట్టెటందుకే వస్తడు. పొమ్మనకు' అన్నడు. 'ఊకనే పట్లు చెప్పకు. ఆడు ఏ పనిల నిలబడడు, నిలబడుడు నేర్పు. మండలం నాగా లేకుంట రప్పియ్యి' అన్నడు. మండలం నిండినాడు ఆడు సుత వస్తుండె. గాబు కాడ నవ్వినోళ్లను అందర్ని ఈ గడప కాడికి పిలిపిస్తనన్నడు. వాళ్లందరి ముంగట నీతోని కుస్తీ పట్టి..." ఉస్తాద్ కండ్లు తుడుచుకుంట మిగిలింది చెప్పిండు. "'నేను పడ్త ఉస్తాద్, దొంగ పడుడు అని ఎవరికీ తెల్వకుంట పడ్త, ఆనికి సుత తెల్వొద్దు' అన్నడు. నువ్వు లెక్క పెట్టుకుంటున్న మండలం నాది గాదు బిడ్డా. ఆడు పెట్టిందే. నాగా లేకుంట నువ్వు వస్తున్నవని నేను కబురంపితె, గా కబురు ఇనుకుంట ఆడు మంచంల బతికిండు."

భిక్షపతి చేతుల నుంచి పార జారి మట్టిల వడ్డది. ఏడుపు వస్తదనుకున్నడు, రాలే. గాబుల నుంచి లేచినప్పుడు అన్న మొఖం ఎట్లున్నదో యాది చేసుకుందామంటె అదీ వస్తలేదు. ఆనాడు ఆయన అన్న మొఖం చూడనేలేదు, నవ్వేటోళ్లనే చూసిండు.

"ఆనికి పిడికెడు మట్టి నేనియ్యలేకపోయిన" అన్నడు ఉస్తాద్. "ఆడు ఒట్టిగ పోయిండు. నా చేతుల పెరిగినోడు ఉస్తాద్ లేనోని తీరుగ పోయిండు."

"నన్ను కొట్టుండ్రి ఉస్తాద్."

"కొడితె నీకు అలకగైతది. కొట్ట." ముసలాయన మట్టి దిక్కు చెయ్యి చూపిండు. "ఇది మా ఉస్తాద్ పోసిన మట్టి. కొత్తది కలుపుకుంట వచ్చినం గని, పాతది ఎన్నడు బయిట వారబోయలే. ఎందరి చెమట ఉన్నదో ఇందుల. అంజన్‌ది ఉన్నది, నాది ఉన్నది. ఇప్పుడు అంటు వడ్డది. అడుగుదాక ఎత్తి మూసీల కలపాలె. అందాక తాలీం బంద్. ఎవరు ఎత్తాల్నో నేను చెప్పే పని లేదు. నీకు నేర్పింది తవ్వుడే కదా."

పెంటయ్య, "ఉస్తాద్, గంత పాత మట్టి..." అని అడ్డం పడబోయిండు.

భిక్షపతి వంగి పార తీసుకున్నడు. ఏడ మొదలువెట్టాల్నో తెల్వక, మట్టి అంచు కాడ అట్లనే నిలబడ్డడు. అప్పుడు బయిట రిక్షా ఆగింది. గడప అవుతల నీలమ్మ నిలబడ్డది. మూడు దినాల నుంచి దువ్వని తల, మాసిన చీర. ఆడోళ్లు తాలీం లోపటికి రారు కాబట్టి ఆమె గడప తొక్కలే.

"అందరు కాటి కాడ కూసున్నరు" అన్నది. ఎవరి మీద కోపం లేనట్టే, అలిసిపోయినట్టే అన్నది. "కొరివి పెట్టినోడు రాకుంట బొక్కలు ఏరొద్దంటుండ్రు. పొద్దెక్కుతున్నది. నువ్వు ఈడనే ఉంటవని నాకెరికె, గందుకే వచ్చిన."

"వస్త వదినా. పా."

"మొన్నటికి మొన్న సుత వస్తననే చెప్పి పంపినవు."

భిక్షపతి కదలలే. మనసుల పైకి రానియ్యని సంగతి అని ఇందాక చెప్పిన కదా, ఇగో, అది గడప కాడికి నడిచి వచ్చింది.

ఉస్తాద్ తల ఎత్తిండు. "ఎప్పుడు బిడ్డా?"

"పోయే ముందటి మాపటాల బాపు. తమ్మున్ని జూడాలె, ఒక్కసారి పిలిపియ్యి అన్నడు. పెంటన్నను పంపిన."

"నేనే పోయి చెప్పిన" అన్నడు పెంటయ్య నేల చూసుకుంట. "పానం మీదికొచ్చింది, ఇప్పుడే నడువు అన్న. రేపు పొద్దుగాల వస్త అన్నడు."

"తెల్లార్లు నీ తొవ్వ చూసిండు" అన్నది నీలమ్మ మరిదితోని. "బయిట సైకిలు గంట కొడితె, భిక్షపతి వచ్చిండు తలుపు తియ్యి అన్నడు. ఎన్నిసార్లు తీసిన్నో. ఏం పని ఉండె నీకు? గా ఒక్క రాత్రి ఏం పని అడ్డం వచ్చింది?"

అబద్ధం ఆడుదామంటె సుత భిక్షపతికి ఏదీ దొరకలే. జియాగూడ పోతె రాత్రి అక్కడనే ఆగాల్సి వస్తది, తెల్లారి మట్టి తవ్వుడు తప్పుతదని ఆయన ఆనాడు పెంటయ్య ముంగటనే లెక్క కట్టుకున్నడు. ఆ లెక్క ఇప్పుడు అందరి ముంగట చెప్పాలె.

"తాలీం ఉండె వదినా" అన్నడు. "నాగా పడుతదని రాలే."

నీలమ్మ కొంగు నోట్లె కుక్కుకున్నది. ఉస్తాద్ కండ్లు మూసుకున్నడు. ఆ మాట నేర్పినోడు తానే కాబట్టి ఆయనకు తిట్టెటందుకు సుత నోరు రాలే.

"ఆడు పోతపోత ఏమన్నడమ్మా?" అని అడిగిండు.

"ఇగ తమ్ముడు రాడని తెలిసినంక ఒక మాట చెప్పిండు బాపు. ఉస్తాద్‌కు చెప్పు అన్నడు." నీలమ్మ భిక్షపతి దిక్కు చూసిందంటె అది చూపు గాదు, ఎవరో ఎరుకలేని మనిషిని చూసినట్టు చూసింది. "ఈనె ముంగట మాత్రం చెప్పొద్దన్నడు."

"భిక్షపతీ, బయిటికి నడువు" అన్నడు ఉస్తాద్. "నీలమ్మా, నువ్వు లోపటికి రా బిడ్డా. మట్టి ఎట్లయినా పోయేదే, తొక్కినా ఏం గాదు."

లంగోట మీదనే భిక్షపతి గడప దాటిండు. ఎనుకనే పెంటయ్య వచ్చి తలుపు దగ్గరికేసిండు. గల్లీల నల్లా కాడ బిందెలు పెట్టుకున్నోళ్లు ఆయన దిక్కు, ఆయన మట్టి కాళ్ల దిక్కు చూస్తుండ్రు. సల్లటి గాలి తగిలి ఒళ్లు జలదరిచ్చింది, తువ్వాల లోపటనే ఉండిపోయింది. పెంటయ్య తన తువ్వాల ఇయ్యబోయి, మైల మనిషని యాదికొచ్చిందో, ఇయ్యబుద్ధి కాలేదో, మళ్ల బుజం మీదనే ఏసుకున్నడు.

లోపట నీలమ్మ మాట వినవడుతున్నది గని తెలుస్తలేదు. చిన్న మాటనే, తొందరగనే అయిపోయింది. భిక్షపతి తలుపుకు చెవి ఆనిచ్చిండు. సిగ్గు, మానం ఏమీ అనిపియ్యలే.

"గంత మాట అన్నడా అంజన్?" అంటుండు ఉస్తాద్. "నీలమ్మా, తోడబుట్టినోనికి నేను ఏ నోటితోని చెప్పాలె గీ మాట?"

ఆ మాట ఏందో వచ్చే వారం చెప్త.